వెయ్యి మైళ్ళకొక క్వార్టు

ఎద్దును కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు. కింది పెదవి లాగి రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా అని లెక్కపెడతాడు. తర్వాత ఒంటి మీద సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాలు ఎలా వేస్తోందో చూస్తాడు. మెడ మీద కాడి ఒరుసుకున్న చోట చెయ్యి పెట్టి తడుముతాడు. బేరం మాత్రం నోటితో జరగదు. దళారి తన తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్ళూ కొనేవాడి వేళ్ళూ పట్టుకుని ధర తేలుస్తాడు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎంతకి తెగిందో వాళ్ళకి తెలీదు.

చిన్నప్పుడు మా రావివలస నుంచి కోటబొమ్మాళి దగ్గరి నారాయణవలస సంతకి మా తాతతో వెళ్ళినప్పుడు ఇదంతా చూశాను. ఆ రోజు మేం అమ్మడానికి వెళ్ళాం. ఎద్దు చూడ్డానికి బాగుంటుంది, పళ్ళు బాగున్నాయి, సుడులు బాగున్నాయి. బేరం తెగేముందు మా తాత తువ్వాలు కిందినుంచి చెయ్యి బయటికి తీసి, "బాబూ, ఒక మాట. ఇది మజ్జాన్నం ఎండకి కాడి కింద పడుకుండిపోద్ది. లేపితే లెగదు" అన్నాడు. దళారి తల పట్టుకున్నాడు. ధర బాగా తగ్గింది. డబ్బు తీసుకుని, పలుపుతాడు మాత్రం విప్పి భుజాన వేసుకుని తాత ఇంటికి బయల్దేరాడు. మా ఇంట్లో ఎద్దును అమ్మితే తాడు ఇవ్వరు. అది గొడ్డుతో పాటు పోతే ఇంటి లక్ష్మి కూడా పోతుందని నమ్మకం.

తర్వాత చాలా ఏళ్ళకి, పరాయి దేశంలో, నేను ఒకే ఒక్క కారు కొన్నాను. రెండేళ్ళ తర్వాత దాన్నే అమ్మాను. కొన్నప్పుడు నాతో నిజాయితీగా ఉన్నారు. అమ్మినప్పుడు నేను ఉండలేదు. అలా ఎందుకు జరిగిందని ఆలోచిస్తూ పోతే అది నా ఒక్కడి కథ కాదనిపించింది. కొత్తగా వచ్చినవాడికీ బండికీ మధ్య ఉన్న సంబంధానికి మా ప్రాంతంలోనే దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది.

*

రావివలస అన్న పేరులోనే 'వలస' ఉంది. నారాయణవలసలోనూ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ బస్సెక్కినా దారిలో నాలుగైదు 'వలస'లు తగులుతాయి. ఎవరో ఎక్కణ్ణుంచో వచ్చి ఓ చెట్టు దగ్గరో, ఓ పెద్దమనిషి పేరు మీదో గుడిసెలు వేసుకున్న ఊళ్ళన్నమాట. మా ఊరికి వచ్చే యాత్రికులకి ఈ సంగతి పట్టదు. వాళ్ళు వచ్చేది పైకప్పు లేకుండా ఎండలో నిలబడి ఉండే ఎండల మల్లికార్జునుడి కోసం. ఆ దేవుడికే నీడ లేనప్పుడు మనకెక్కడిదిరా అని మా మామ్మ అంటుండేది.

నీడ కోసం ఈ తీరం వాళ్ళు ముందు వెళ్ళింది రంగూన్‌కి. టెక్కలి ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. జిల్లా పేరు ఏదైనా మేస్త్రీ మాత్రం వచ్చేవాడు. ఇంట్లో అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, ఆ అప్పు తీరేదాకా మనిషిని తన గుంపులో ఉంచుకునేవాడు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవు పేరు అది. కోరంగి ఎక్కడుందో ఎప్పుడూ చూడని మా శ్రీకాకుళం వాళ్ళు కూడా అక్కడ కోరంగీలే. ఇవాళ అమెరికాలో ఒంగోలు వాడూ, ఆదిలాబాద్ వాడూ ఒకే మాటలో 'ఇండియన్' అయిపోయినట్టే.

1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్ళలో తెలుగువాళ్ళు, బియ్యం మిల్లుల్లో తెలుగువాళ్ళు, వీధిలో రిక్షా లాగేవాళ్ళలోనూ ఎక్కువగా తెలుగువాళ్ళు. ఇది తొక్కే రిక్షా కాదు. మనిషి రెండు కర్రల మధ్య నిలబడి పరిగెత్తుతూ లాగేది. జపాన్‌లో 1869 ప్రాంతంలో పుట్టి ఆసియా నగరాలన్నిటికీ పాకిన బండి. మా తాత పద్దెనిమిదేళ్ళకి గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి వెళ్ళి, రేవు పని దొరకక ఈ బండి పట్టాడు.

బండి ఆయనది కాదు. యజమాని ఒకడు ఉండేవాడు. పొద్దున తీసుకుని, రాత్రి అప్పజెప్పి, రోజుకింతని అద్దె కట్టాలి. బేరం తగిలినా తగలకపోయినా అద్దె అద్దే. ఏ బండి ఇస్తారో కూడా వాళ్ళ ఇష్టం. కొత్తగా వచ్చినవాడికి చక్రం వంకరపోయిన బండే దక్కేదని తాత చెప్పేవాడు. పాతవాళ్ళకి మంచి బండ్లు తెలుసు. కొత్తవాడికి తెలీదు, తెలిసినా అడిగే నోరు లేదు. తెలియకపోవడం అనేది కొత్తవాడు ఓడ దిగిన రోజు నుంచీ కట్టే ఒక పన్ను. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ పన్ను గురించే.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక తెలుగువాళ్ళని వెనక్కి పిలిచి బర్మావాళ్ళని పొమ్మన్నారు. అల్లర్లు జరిగి వందమందికి పైగా చనిపోయారు. తాత వెళ్ళేసరికి ఆ గాయాలింకా పచ్చిగానే ఉన్నాయి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అక్కణ్ణుంచి లక్షల మంది భారతీయులు అరకాన్ వైపో, మణిపూర్ వైపో నడిచి వచ్చారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఎంతమంది రాలిపోయారో లెక్క తేలలేదు. తాత నడిచి వచ్చినవాళ్ళలో ఒకడు. ఆ నడక గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. చెప్పిందల్లా ఒకటే: ఆ రోజు బండిని రోడ్డు మీదే వదిలేసి వచ్చేశాననీ, రెండు రోజుల అద్దె బాకీ ఉండిపోయిందనీ. ఊరు తగలబడిపోతుంటే అద్దె గొడవ ఏమిటి తాతా అంటే, "ఊరు కాలిపోతే బాకీ కాలిపోద్దేట్రా గుంటా?" అనేవాడు.

1962లో నే విన్ అధికారంలోకి వచ్చాక, 1964లో దుకాణాలు జాతీయం చేశాక, మిగిలిన తెలుగువాళ్ళలో చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే. తెచ్చుకోవడానికి వీలున్నవి తెచ్చుకున్నారు. బండ్లూ ఇళ్ళూ షాపులూ అయినకాడికి అమ్ముకున్నారు, లేకపోతే వదిలేశారు. పోయేవాడు అమ్మే సరుక్కి ధర ఉండదు. ఇది రెండో పాఠం.

*

ఇక అమెరికా. 1965 అక్టోబర్‌లో వచ్చిన చట్టం జాతుల వారీ కోటాలను ఎత్తేసింది. 1968 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లూ, ఇంజనీర్లూ బయల్దేరారు. విదేశీ మారకం కరువు రోజులవి. చేతికి 8 డాలర్లు ఇచ్చి పంపేవారని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాళ్ళు వదిలి వచ్చిన దేశంలో కారంటే అంబాసిడర్ లేదా ఫియట్. బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూపు. స్కూటర్‌కే పదేళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. కరువున్న చోట పాత బండికీ ధర నిలబడుతుంది. అందుకే మనవాళ్ళ లెక్కలో వాహనం ఒక ఆస్తి, పొలం లాంటిది. వాళ్ళు దిగిన దేశంలో లెక్క తలకిందులు. కొత్త కారు షోరూం గేటు దాటగానే విలువ పడిపోతుంది. మంచులో ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి తుప్పు పడుతుంది. ఆస్తి అనుకుని కొన్నది ఏడాది తిరిగేసరికి ఖర్చు అని తేలేది.

1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హోండా సివిక్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. టొయోటా కరోలా 1968 నుంచే ఉంది. పెద్ద అమెరికన్ కార్ల పక్కన అగ్గిపెట్టెల్లా ఉండే ఈ బండ్లు తక్కువ పెట్రోలు తాగేవి, తొందరగా పాడయ్యేవి కావు, అన్నిటికన్నా ముఖ్యంగా తిరిగి అమ్మితే ధర పలికేవి. కరోలా, కామ్రీ, సివిక్, అకార్డ్ అన్న నాలుగు పేర్లు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గోత్రాల్లా స్థిరపడిపోవడానికి కారణం మోజు కాదు, ఈ మూడో లెక్క.

ఆ లెక్క 1990 తర్వాత ఇంకా గట్టిపడింది. ఆ ఏడాది చట్టంతో హెచ్‌-1బి వీసా ఇప్పటి రూపానికి వచ్చింది: మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో మూడేళ్ళు. మొదట ఏడాదికి 65,000. వై2కె హడావుడిలో పెంచుతూ పోయి 2001 నుంచి మూడేళ్ళ పాటు 1,95,000 చేసి, 2004కి మళ్ళీ 65,000కి దింపారు. ఆరేళ్ళ మనిషి ఇల్లు కొనడు. కానీ కారు కొనకుండా కుదరదు. కొనేరోజే అమ్మేరోజు గురించి ఆలోచించి కొనాలి.

*

2007 ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకోవడం మొదలైన తొలిరోజే కోటా దాటిపోయి లాటరీ వేశారు. ఆ లాటరీలో నా పేరు వచ్చింది. అక్టోబర్‌లో కాలిఫోర్నియా, ఫ్రీమాంట్‌లో దిగాను. బార్ట్ రైలు అప్పుడు ఫ్రీమాంట్‌తోనే ఆగిపోయేది. నా ఆఫీసు అక్కణ్ణుంచి ఇంకా దక్షిణాన. రెండు బస్సులు మారి వెళ్ళి, రాత్రి చివరి బస్సు తప్పితే ఎవరినో బతిమాలుకుని రావాలి. రూమ్మేట్‌ని రోజూ రైడ్ అడగడం ఎంత చిన్నతనమో అడిగినవాడికే తెలుసు.

కొత్తవాడి గొలుసు ఇలా ఉంటుంది. అప్పు ఇవ్వాలంటే క్రెడిట్ స్కోర్ కావాలి. ఇప్పుడందరూ వాడే ఆ ఫైకో స్కోర్ 1989లో వచ్చింది. దాని దృష్టిలో ఇంతకుముందు అప్పు చెయ్యనివాడు మంచివాడు కాదు, తెలియనివాడు. స్కోర్ లేదు కాబట్టి లోన్ రాదు, వచ్చినా వడ్డీ భయపెడుతుంది. లోన్ లేదు కాబట్టి నగదు. ఉన్న నగదు తక్కువ కాబట్టి పాత కారు. పాత కారులో మోసం ఎక్కువ, దాన్ని పసిగట్టే అనుభవం కొత్తవాడికి తక్కువ. వంకరచక్రం రిక్షా మళ్ళీ వాడికే వస్తుంది.

మెకానిక్కి చూపించుకోవచ్చు కదా అంటారు. చూపించాలంటే మెకానిక్ షాపు దాకా వెళ్ళాలి. వెళ్ళడానికి కారు లేదు.

అందుకే మనం 'మనవాళ్ళ' దగ్గరే కొంటాం. నేనూ అదే చేశాను. గుంటూరు వైపు ఆయన, కుటుంబంతో ఇండియా తిరిగి వెళ్ళిపోతున్నారు. 2000 మోడల్ టొయోటా కరోలా, లేత గోధుమరంగు, 1,05,000 మైళ్ళు. 4,200 డాలర్లు అడిగారు. పార్కింగ్‌లో బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి చూపించారు.

"ఇది నూనె తాగుద్ది తమ్ముడూ. వెయ్యి మైళ్ళకి ఒక క్వార్టు పొయ్యి. పోస్తావా, ఇంకో పదేళ్ళు నడుస్తది. మర్చిపోయావా, ఏదో ఒకరోజు ఫ్రీవే మీద ఇంజన్ పట్టేస్తది. అందుకే నాలుగొందలు తగ్గించుకో."

క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ. ఆయన చెప్పింది ఆ ఒక్క కారు జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1998 నుంచి 2002 దాకా వచ్చిన కరోలాల్లో వాడిన 1జడ్‌జడ్ ఇంజన్‌కి ఈ పేరు ఉంది. పిస్టన్‌లో నూనె వెనక్కి జారడానికి ఉండే రంధ్రాలు చిన్నవి. అవి మూసుకుపోతే నూనె పైకి చేరి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. పొగ కూడా కనపడదు. రోడ్డు మీద కారు ఎంచక్కా నడుస్తుంది. చూసేవాడికి పళ్ళు బాగుంటాయి, సుడులు బాగుంటాయి.

తాళాలతో పాటు చిన్న నోట్‌బుక్ ఒకటి ఇచ్చారు. తేదీ, మైళ్ళు, పోసిన నూనె. మూడేళ్ళ లెక్క, ముత్యాల్లాంటి అక్షరాలు. గ్లవ్‌బాక్స్‌లో పెట్టుకోమన్నారు.

ప్రతి కారుకీ 17 అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1981 మోడళ్ళ నుంచి అమెరికాలో అన్ని కార్లకీ ఇదే పద్ధతి. మొదటి గుర్తు పుట్టిన దేశం: 'జె' అంటే జపాన్, 2 అంటే కెనడా, 1 అంటే అమెరికా. నా కారుది 1. జపాన్ బండి అనుకుని కొన్నది పుట్టింది మా అపార్ట్‌మెంట్‌కి నాలుగైదు మైళ్ళ దూరంలోనే. ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి 1982లో మూతపడింది. కార్మికులు మొండివాళ్ళనీ, నాణ్యత లేదనీ దానికి చెడ్డపేరు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి 'న్యుమి' పేరుతో దాన్నే తెరిచారు. చాలావరకు ఆ పాత కార్మికులనే తీసుకున్నారు. లైన్‌లో ఎవరికి తప్పు కనపడినా తాడు లాగి పని ఆపించే హక్కు ఇచ్చారు. అదే మనుషులు మంచి కార్లు చేశారు. తప్పు చెప్పినవాడికి శిక్ష పడని చోట తప్పులు దాచాల్సిన పని ఉండదని ఆ ఫ్యాక్టరీ గురించి రాసినవాళ్ళంతా రాశారు. అప్పుడది చదివి మెచ్చుకున్నాను కూడా.

*

ఫ్రీమాంట్‌కి గంట లోపు దూరంలో బర్క్‌లీ ఉంది. 1960ల్లో అక్కడ పాఠాలు చెప్పడానికి చేరిన కుర్ర ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకర్‌లాఫ్‌కి పాత కార్ల మీద ఒక అనుమానం వచ్చింది. నెలల కిందట కొన్న కారు కూడా కొత్తదానికన్నా అంత చవగ్గా ఎందుకు పోతుంది? కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీదు కాబట్టి కొనేవాడు సగటు ధర మాత్రమే ఇస్తాడు. సగటు ధరకి మంచి కారు అమ్మడం నష్టం కాబట్టి మంచి కారున్నవాడు మార్కెట్‌కి రాడు. చెడ్డ కార్లే మిగులుతాయి. ధర ఇంకా పడుతుంది. అమెరికన్ యాసలో పనికిరాని కారుని నిమ్మకాయ అంటారు. ఆ పేరు మీదనే 'నిమ్మకాయల మార్కెట్' అని వ్యాసం రాస్తే మూడు పత్రికలు తిప్పి పంపాయి. 1970లో నాలుగోది అచ్చువేసింది. 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వ్యాసంలో సగం ఉదాహరణలు మన దేశానివి. 1967-68లో ఆయన ఢిల్లీలో ఉన్నారు. బజారు బియ్యంలో కావాలని కలిపిన, బియ్యం రంగూ ఆకారమూ ఉన్న రాళ్ళని ఇల్లాలు కూర్చుని ఏరుకోవాల్సిన సంగతి అందులో ఉంది. ఊళ్ళో వడ్డీవ్యాపారి ఎందుకు అంత వడ్డీ తీసుకోగలడో, మనుషుల్ని ఎరిగి ఉండడం ఎలా ఒక పెట్టుబడో ఉంది. మా మామ్మ వీధరుగు మీద కూర్చుని చేటలో రాళ్ళు ఏరడం చూస్తూ పెరిగిన నాకు ఆ వ్యాసం చదివినప్పుడు నవ్వొచ్చింది. ఈ తెలియకపోవడం అనే పన్నుకి బర్క్‌లీలో ఒక సిద్ధాంతం దొరికింది. దాని బరువు మోసినవాళ్ళు మాత్రం చేట ముందు కూర్చునే ఉన్నారు.

చట్టాలు వచ్చాయి. 1972 చట్టం ఓడోమీటర్ వెనక్కి తిప్పడాన్ని నేరం చేసింది. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటి 'నిమ్మకాయ చట్టం' చేసింది, కానీ అది కొత్త కార్లకి. 1985 నుంచి పాత కార్ల డీలర్లు అద్దానికి ఒక కాగితం అంటించాలి: వారంటీ ఉందా, లేక ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారా అని. ఈ చివరి నిబంధన డీలర్లకే. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాడికి అమ్మే కారుకి వర్తించదు. అక్కడ అద్దానికి అంటించే కాగితం 'మనవాడు' అన్న మాటే.

*

2009 ఆగస్టు. ఉద్యోగం పోయింది. ఇప్పుడు హెచ్‌-1బి మీద ఉన్నవాడికి పని పోతే 60 రోజుల గడువు ఉంది. అది 2017 జనవరిలో వచ్చింది. అప్పుడు గడువన్నది లేదు. వీలైనంత త్వరగా సర్దుకోవాలి. లీజు మధ్యలో వదిలితే రెండు నెలల అద్దె, టికెట్టు, ఊళ్ళో చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు. ఆ ఏడాదే దుబాయ్ విమానాశ్రయంలో తాళాలతో సహా కార్లు వదిలేసి వెళ్ళిపోతున్న వలసదారుల గురించి పత్రికలు రాశాయి. ఎన్ని కార్లన్న దాని మీద వాదులాట జరిగింది కానీ ఆ భయం మాత్రం నిజం. రోడ్డు మీద రిక్షా వదిలేసిన మా తాత గుర్తొచ్చాడు.

అదే నెలలో అమెరికా ప్రభుత్వం పాత కార్లు ఇచ్చి కొత్తవి కొంటే 4,500 డాలర్ల దాకా ఇచ్చే పథకం నడిపింది. రెండు నెలల్లోపే 6.7 లక్షలకు పైగా కార్లు తీసుకున్నారు. మళ్ళీ రోడ్డెక్కకుండా, నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి ఇంజన్ తిప్పి చంపేసేవారు. పెట్రోలు ఎక్కువ తాగే కార్లకే ఆ పథకం. నాది పెట్రోలు తక్కువ తాగుతుంది. అది తాగే నూనె గురించి ఏ పథకమూ అడగలేదు.

కొనడానికి వచ్చిన కుర్రాడు దిగి మూడు వారాలు. రూమ్మేట్ దింపి వెళ్ళిపోయాడు.

"మీదేవూరన్నయ్యా?"

"టెక్కలి దగ్గర రావివలస."

"ఓర్నాయనో! మాది బొబ్బిలన్నయ్యా. ఎండల మల్లన్న గుడికి కార్తీకమాసంలో మా యమ్మతో వచ్చినాను."

అక్కడితో బేరం అయిపోయింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళమని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. మా ఊరి దేవుడే వారంటీ అయ్యాడు.

"ఇంజన్ బాగుందా అన్నయ్యా?"

"బాగుంది."

"ఆయిల్ అదీ...?"

"నిన్ననే పోశాను."

నేను అన్నమాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళయినా అవి అరగలేదు. కాలిఫోర్నియాలో పాత కారు అమ్మేవాడు స్మాగ్ పరీక్ష చేయించి ఇవ్వాలి. చేయించాను, పాసయింది. టైటిల్ కాగితం మీద ఎన్ని మైళ్ళు తిరిగిందో నిజం రాసి సంతకం పెట్టాలి. రాశాను, పెట్టాను. ఎంత నూనె తాగుతుందని అడిగే గడి ఆ కాగితంలో లేదు. 3,300 డాలర్లు, వంద నోట్లు, రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇండియా నుంచి తెచ్చుకున్న డబ్బు అని చూస్తేనే తెలుస్తోంది.

చెబితే ఏమయ్యేది? నాలుగొందలో అయిదొందలో తగ్గేది. లేదా వాడు భయపడి వెళ్ళిపోతే ఇంకొకడు దొరికేలోపు నా రోజులు అయిపోయేవి. రెండోది జరగదని నాకు తెలుసు. వాడికీ కారు అంతే అవసరం.

వాడు రాకముందే గ్లవ్‌బాక్స్ ఖాళీ చేశాను. ఇన్సూరెన్స్ కాగితాలు, పెన్ను, టిష్యూలు, నోట్‌బుక్. మర్చిపోయి తీసుకొచ్చానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు.

వాడు వెళ్ళిన వారంలోపే ఫ్రీమాంట్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆపేస్తామని టొయోటా ప్రకటించింది. 2010 ఏప్రిల్ 1న చివరి కారు బయటికి వచ్చింది, అదీ ఒక కరోలానే. ఆ షెడ్డునే తర్వాత టెస్లా కొనుక్కుంది. ఇప్పుడక్కడ తయారయ్యే కార్లలో ఇంజన్ నూనె పొయ్యక్కర్లేదు.

ఊరొచ్చిన రెండు నెలలకి వాడికి మెయిల్ రాశాను, నూనె సంగతి చెబుతూ. తిరిగి వచ్చింది, ఆ చిరునామా పని చెయ్యడం లేదని. ఫోన్ నంబర్ కూడా మారిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళ నంబర్లు తొందరగా మారుతుంటాయి. ఇంజన్ పట్టేసిందో, ఎవరైనా మెకానిక్ డిప్‌స్టిక్ చూసి చెప్పాడో నాకు తెలీదు. ఫ్రీవే మధ్యలో, అర్ధరాత్రి, మూడు నెలల కిందట దేశానికి వచ్చిన బొబ్బిలి కుర్రాడు ఆగిపోయిన కారు పక్కన నిలబడి ఉండడం మాత్రం చాలాసార్లు కనపడింది.

రావివలసలో మా ఇంటి దూలానికి తాత ఉంచిన పలుపుతాళ్ళు మూడు ఇంకా వేలాడుతున్నాయి. కింద గూట్లో నోట్‌బుక్ ఉంది. చివరి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలు ఆగిపోయి, నా కోడిగీతలు మొదలవుతాయి. ఆఖరిది: 2009 ఆగస్టు 21, 1,31,400 మైళ్ళు, ఒక క్వార్టు. దాని కింద గీతలన్నీ ఖాళీ. అవి నేను నింపాల్సినవి కావు.

తమ్ముడూ, ఇన్నేళ్ళ తర్వాత ఇది నీ కంటపడుతుందన్న ఆశ లేదు. పడితే మాత్రం: వెయ్యి మైళ్ళకొక క్వార్టు. నాలుగొందల డాలర్లు నీకు బాకీ.